జేజి ఒట్టు, ప్రభువు బల్ల

మా జేజికి, అంటే మా నాయనను కన్నతల్లికి, దేవుడంటే భయమూ ఉండేది, భక్తీ ఉండేది. నోటికి మాత్రం ఆ రెండూ లేవు. తెల్లారి లేచి మోకాళ్లూని ప్రార్థన చేసేది. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి చాటలో గింజల మీద కోడి పడి ఉంటే, అదే నోటితో ఆ కోడిని దాని తాతముత్తాతల దాకా తిట్టిపోసేది. "జేజీ, ఇప్పుడే కదా ప్రార్థన చేసినావు?" అని నేను అడిగితే, "దేవునితో మాట్లాడేది దేవునితో మాట్లాడినా. కోడితో మాట్లాడేది కోడితో మాట్లాడొద్దా?" అనేది. నేను తర్వాత చాలా ప్రసంగాలు విన్నాను గానీ దీనికి జవాబు చెప్పిన పాస్టరు ఒక్కరూ కనపడలేదు.

మాది గోరంట్లకు అవతల, గుట్టల నడుమ ఒక చిన్న ఊరు. మా వాడలో ఉన్నవన్నీ కూలినాలి చేసుకునే క్రైస్తవుల ఇళ్లు. కొందరికి గుట్ట కింద ఇంత గరువు చేను ఉండేది, వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస. మా చర్చిని మేమందరం గుడి అనే పిలిచేవాళ్లం. రాతి గోడలు, పైన బండలు, కింద పేడతో అలికిన నేల. ఆడవాళ్లకు ఒక పక్క చాపలు, మగవాళ్లకు ఒక పక్క చాపలు. నెలకొకసారి, మొదటి ఆదివారం, పాస్టరు అయ్యగారు రోడ్డు మీద బస్సు దిగి నడిచి వచ్చేవారు.

ఆయనది గోదావరి పక్క. కాలువల మధ్య పుట్టి మా ఎర్రమట్టిలో వచ్చి పడ్డారు పాపం. వచ్చిన కొత్తలో చేసిన ప్రసంగం మా వాడ ఎన్నడూ మరచిపోలేదు. చేతులు రెండూ పైకెత్తి, "దేవుని కృప వాన లాంటిది! మనం అడక్కుండానే అందరి మీదా కురుస్తుంది!" అన్నారు. గుడిలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగవాళ్ల పక్క నుంచి ఒక ముసలాయన నెమ్మదిగా లేచి, "అట్లయితే అయ్యగారూ, మా వంతు యాడ కురిసిందో రవ్వంత కనుక్కోని చెప్తారా?" అన్నాడు. జేజి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. అయ్యగారు మంచి మనిషి, ఆయనా నవ్వేశారు. ఆ తర్వాత మాత్రం కృపకు వాన పోలిక తేలేదు.

మొదటి ఆదివారమంటే ప్రభువు బల్ల. యేసు ప్రభువు మన పాపాల కోసం ప్రాణం పెట్టినందుకు గుర్తుగా తలా ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం. రొట్టె మా ఆడవాళ్లే వంతులేసుకొని పెనం మీద కాల్చేవాళ్లు. ఎండుద్రాక్ష నానబెట్టి పిండితే అదే ద్రాక్షరసం. అయితే ఆ బల్లలో పాలుపొందాలంటే ఎవరితోనూ తగవు ఉండకూడదు. ఉంటే ముందు రోజే పోయి సమాధానపడాలి. అందుకని శనివారం సాయంత్రం మా వాడ చూడాల్సిందే. "మొన్న నిన్ను గాడిద అన్నా, మనసులో పెట్టుకోవద్దప్పా" అని ఒకడు. "పోనీలేన్నా, నేను నిన్ను ఇంగా పెద్ద మాటే అన్నా, నువ్వు ఇనలేదు" అని ఇంకొకడు.

సమాధానానికి మా వాడలో ఒక పద్ధతి ఉండేది. ఉత్త మాట చెల్లదు. ఎవరితో తగవు పడ్డావో వాళ్లింటికి పోయి, వాళ్ల చేత్తో ఇచ్చింది ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. బెల్లం ముక్కో, నాలుగు వేయించిన శెనక్కాయలో, ఏమీ లేకపోతే సంగటి ముద్దో. నోట్లో పడితేనే తగవు తెగినట్టు. ఈ పద్ధతి అయ్యగారి గ్రంథంలో లేదు, మా పెద్దలు పెట్టుకున్నది. నెలంతా తిట్టినవాళ్లందరి ఇళ్లూ తిరగాలి కాబట్టి శనివారం జేజికి ఊపిరి తిరిగేది కాదు. నేను ఆమె కొంగు పట్టుకొని వెనకాలే. ఆమెకిచ్చిన దాంట్లో నాకూ వాటా వచ్చేది. జేజి ఎంత ఎక్కువ మందిని తిడితే నాకు అంత లాభం.

ఇంత చక్కగా సాగుతున్న భక్తి జీవితంలోకి ఒక మేక వచ్చింది.

మేక చిన్న జేజిది. చిన్న జేజి అంటే మా జేజి మరిది పెండ్లాం, జేజికి తోడికోడలు. రెండిళ్లకూ నడుమ ఒకే గోడ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర వండినవాళ్లు. చిన్న జేజి మాట్లాడేది తక్కువ. ఆ తక్కువలోనే ఉప్పూ కారం సరిపడా ఉండేవి.

ఆ ఏడాది వాన బాగా ఆలస్యమైంది. విత్తనానికి దాచిన వేరుశనగ కాయలు ఒలిచి, గింజ చిట్లకుండా ఏరి, జేజి వసారాలో బట్ట పరిచి ఆరబోసింది. చిన్న జేజి మేక పలుపు తెంపుకొని వచ్చి తినగలిగినంత తిని, మిగిలింది తొక్కి, దాని మీదే ఇంకో పని కూడా చేసి పోయింది. అదే సాయంత్రం వాన దంచికొట్టింది. మరుసటి రోజు ఊరంతా విత్తడానికి గొర్రు కట్టుకొని చేలకు పోతుంటే మా నాయన ఒక్కడే అరుగు మీద కూర్చున్నాడు. ఎక్కడెక్కడో తిరిగి విత్తనం సంపాదించేసరికి నేలలో పదును ఆరిపోయింది. మళ్లీ వాన రాలేదు. ఆ ఏడాది మా నాయన బెంగళూరు పక్క ఇటుకల పనికి పోయాడు.

మేక తిన్న రోజే చిన్న జేజి వచ్చింది. ఓదార్చడానికే వచ్చింది. కానీ ఆమె ఓదార్పు ఎట్లా ఉంటుందంటే, "దానికేం తెలుసునక్కా అది విత్తనమని? తినే వస్తువు పరిచినావు, తినింది" అన్నది. అంతే. జేజి వీధిలోకి దూకింది. పక్కనే ఉన్న నన్ను లాక్కొని, నా నెత్తిన ఠపీమని చెయ్యి పెట్టి, వాడంతా వినేటట్టు అరిచింది. "ఇంగ దీని గడప తొక్కినా, దీని చేతి కూడు తిన్నా, ఇగో, నా మనవరాలి మీద ఒట్టు!"

మా పక్క ఒట్టు అంటే ఆట కాదు. ఎవరి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టుకుంటారో, అది తప్పితే వాళ్ల ప్రాణానికి ముప్పు. ప్రభువును నమ్ముకున్నాక చాలా నమ్మకాలు గుడి బయటే వదిలి వచ్చారు గానీ, ఇది మాత్రం మా వాళ్ల వెంట లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం అయ్యగారు బల్లకు ముందు ఎప్పటిలాగే, "సమాధానం లేనివారు దయచేసి బయట ఉండండి" అన్నారు. ఆ మాటకు ఎవరూ లేచింది లేదు అంతవరకూ. జేజి లేచింది. చిన్న జేజి కూడా లేచింది. గుడి బయట ఉన్నది ఒకే ఒక వేపచెట్టు, దాని నీడ రెండు చాపలంత. ఎండ మండిపోతుంటే పంతం ఎంతసేపు నిలుస్తుంది? ఇద్దరూ ఆ నీడలోనే కూర్చున్నారు, ఒకరికొకరు వీపులు పెట్టుకొని. నాకు బల్ల తీసుకునే వయసు రాలేదు కాబట్టి నేనూ వాళ్ల దగ్గరే.

నెలలు పోయాయి, ఏండ్లు పోయాయి. ఇద్దరికీ మాటల్లేవు గానీ మాట్లాడకుండా మాత్రం లేరు. అంతా నా ద్వారా నడిచేది. "ఆయమ్మ కొంగు చీమల్లో పడిందని చెప్పే" అని జేజి. "నా కొంగు, నా చీమలు అని చెప్పే" అని చిన్న జేజి. నేను చెప్పే పనే లేదు, ఇద్దరి మధ్యా జానెడు దూరం. లోపల పాట మొదలైతే ఇద్దరూ బయటే అందుకునేవాళ్లు. జేజిది గొంతు, చిన్న జేజిది రాగం. లోపలివాళ్ల కన్నా వీళ్లే బాగా పాడతారని అయ్యగారు ఒకసారి నాయనతో అన్నారట.

నవ్వులాటగానే చెబుతున్నాను గానీ, జేజికి ఇది నవ్వులాట కాదు. లోపల రొట్టె విరిచే సమయానికి ఆమె పాట ఆగిపోయేది. మెడ తిప్పి గుడి వాకిలి వైపు చూసేది, అన్నం దగ్గర నుంచి లేపేసిన బిడ్డ లాగా. అయినా నాయన ఎన్నిసార్లు బతిమాలినా, "ఒట్టు ఒట్టే" అనేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం అని మేమందరం అనుకున్నాం. నేను అందరికన్నా ఎక్కువ అనుకున్నాను.

నేను పెద్దదాన్నయ్యాను. పంతులమ్మ చదువుకు అనంతపురం పోయి హాస్టల్లో ఉన్నాను. ఎనభైల్లో ఒక ఎండాకాలం సెలవులకు వచ్చేసరికి జేజి మంచం పట్టి ఉంది. జ్వరం వదలడం లేదు, తిండి దిగడం లేదు. అమ్మ రాగి గంజి పట్టుకుపోతే మూతి తిప్పుకుంటోంది. సూది వేసే ఆయన వచ్చి, చూసి, మా నాయన భుజం తట్టి పోయాడు. ఆ భుజం తట్టడానికి అర్థం మా ఊళ్లో అందరికీ తెలుసు.

"పోయేది పోతాలేరా, దానికేం" అంది జేజి నాయనతో. "బల్ల లేకుండా పోతాండా. ఆడ పరలోకం వాకిలి కాడ ఎవురన్నా అడిగితే ఏమని చెప్పేది?" తిట్టే జేజి గొంతు అంత చిన్నగా రావడం నేను ఎన్నడూ వినలేదు. నాకు భయమేసింది.

ఆ రోజు అయ్యగారు తనకల్లు పక్క ఆరాధన ముగించుకొని తిరిగి వస్తారని నాయనకు తెలుసు. పోయి రోడ్డు మీద నిలబడి, చేతులు చాచి బస్సును ఆపి, డ్రైవరు తిడుతున్నా వినకుండా ఆయన్ను దింపుకొని వచ్చాడు. అయ్యగారి సంచిలో ద్రాక్షరసం సీసాలో కొంచెం మిగిలి ఉంది. రొట్టె అయిపోయింది. మా ఇంట్లో రాగిపిండి తప్ప ఏ పిండీ లేదు. అప్పుడే గోడ అవతల నుంచి కమ్మటి జొన్నరొట్టె వాసన వచ్చింది. అమ్మ ముందూ వెనకా చూసుకోకుండా, "చిన్నత్తా, బిరీన ఒక రొట్టె ఇయ్యి, అయ్యగారికి కావల్లంట" అని కేకేసింది.

చిన్న జేజి రొట్టె కొంగులో పట్టుకొని తనే వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, అది అయ్యగారి చేతిలో పెట్టి, గోడవారగా కూర్చుంది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. జేజి కళ్లు మూసుకొనే ఉంది గానీ ముక్కు మాత్రం కదిలింది. "యాడిదీ రొట్టె?" అంది. అమ్మ చిన్న జేజి వైపు చూసింది. "దాని పెనం వాసన నాకు తెలీదనుకుంటిరా? ఒకే పొయ్యి కాడ ఉడికినోళ్లం మేము." అని నోరు బిగించేసింది. అయ్యగారు ముక్క పెదవుల దగ్గరికి తెచ్చారు. ఆమె తల తిప్పేసింది.

నాకు ఒళ్లు మండింది. ఆ కోపం నాకు ఎవరి నుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు. "ఏం మనిషివి జేజీ నువ్వు! పోయినేది గుప్పెడు విత్తనాలు. దానికోసరం ఇంగా పంతమా? ఈ పొద్దన్నా వదలరాదా?" అని అరిచాను.

జేజి కళ్లు తెరిచింది. "విత్తనాలా? ఆ విత్తనాలు ఎవురికి గ్యాపకం ఉండాయే? దాన్ని నేను ఆ కార్తె దాటకముందే క్షమించేసినా. నా చెయ్యి ఎవురి నెత్తిన పెట్టినానే నేను? నీ నెత్తినే కదా!" ఆయాసం తీసుకొని అయ్యగారి వైపు తిరిగింది. "ఆ నెలనే మీరు చెప్తిరి కదయ్యా, యుద్ధానికి పోయినాయన కథ. గెలిస్తే ఇంట్లోనుంచి మొదట ఎదురొచ్చేదాన్ని బలిస్తానని తొందరపడి దేవునికి మొక్కుకుండె, ఇంటికొస్తే కన్నకూతురు ఎదురొచ్చె, కూతురు పాయ. మాట అన్నాక ఎనక్కి తీసుకునేకి లేదని కదా దాని అర్థం? ఇది నాకు ఒక్కతే మనవరాలు. నాకు మోక్షం లేకపోతే పాయ. ఇది ఉండల్ల."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నేండ్లూ ఈ ముసలిది పరలోకాన్ని నా కోసం వదులుకొని వేపచెట్టు కింద కూర్చుందా! అడిగితే మొండిది అనిపించుకుంది గానీ చెప్పలేదు. చెబితే నేను భయపడతానని చెప్పలేదు.

అయ్యగారు రొట్టె పళ్లెంలో పెట్టి, మంచం పక్కన నేల మీద చతికిలబడ్డారు. "అమ్మగారూ, తొందరపడి ఒట్లు పెట్టుకోవద్దని చెప్పడానికి ఆ కథ చెప్పానండీ. సగమే చెప్పినట్టున్నాను, తప్పు నాది. మిగతాది ఇప్పుడు వినండి. మీ ఒట్టు ఎవరో ఒకరి మీద పడాలి కదా, అది ఎప్పుడో పడిపోయింది. మన పాపాలూ, శాపాలూ, నోరు జారిన మాటలూ అన్నీ నెత్తిన వేసుకొని ఆయన సిలువ ఎక్కాడు. ఇక ఈ పిల్ల మీద పడటానికి మిగిలిందేమీ లేదు."

"నేను పెట్టిన ఒట్టు కూడానా?"

"అది కూడా."

"నేనేమీ ఇయ్యకనే? ఏమీ చెయ్యకనే?"

"ఏమీ చెయ్యకుండానే. కృప అంటే అదేనండీ."

జేజి చాలాసేపు పైన దూలాల వైపు చూసింది. ఆమె కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "అయ్యో, ఆయప్ప నెత్తిన ఎన్ని మోపినామప్పా!" అంది. "ఉండేవి చాలవని నాదొకటి."

తర్వాత గోడ వైపు చెయ్యి చూపించి, "ముందు దానికి ఇయ్యండి. నా పాడు నోటి వల్ల అది కూడా ఇన్నేండ్లు బల్లకు దూరమాయ" అంది.

"ఆమెను నేను ఎప్పుడూ ఆపలేదమ్మా" అన్నారు అయ్యగారు. "ఆ మరుసటి నెలే నా దగ్గరికి వచ్చి, తప్పు నా మేకది, నా మాటది అని ఒప్పుకొని ఏడ్చింది. నువ్వు రావచ్చమ్మా అని అప్పుడే చెప్పాను. ఆమే రాలేదు."

అందరం చిన్న జేజి వైపు తిరిగాం. ఆమె కొంగు సర్దుకుంది. "ఆయక్క బయట ఒక్కతే కూర్చోని ఉంటే, లోపల నాకు రొట్టె గొంతు దిగుతాదా?" అంది.

"ఏమే మొండిదానా! నాకొక మాట చెప్పకూడదా?"

"నువ్వు మాట్లాడితే కదా చెప్పేకి!"

మా నాయన బయటికి పోయి కళ్లు తుడుచుకొని వచ్చాడు. అయ్యగారు రొట్టె విరిచి ముందు చిన్న జేజికి ఇచ్చారు. ఆమె తీసుకుంది. తర్వాత జేజి నన్ను దగ్గరికి పిలిచి, మంచం మీద కూర్చోబెట్టుకొని, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. జ్వరంతో ఆ చెయ్యి కాలిపోతోంది. అప్పుడు నోరు తెరిచింది.

పళ్లు లేని నోటితో ఆ ముక్కను నమలడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె చూపు నా మొహం మీదే. ఆమె చూస్తోందని అందరూ నన్నే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే గోడ అవతల పొయ్యి మీద వదిలేసి వచ్చిన మిరపకాయల ఘాటు వచ్చి నా ముక్కులో దూరింది. నేను తుమ్మితే జేజి ప్రాణం అక్కడే పోతుంది. ముక్కు బిగబట్టి, కళ్ల నీళ్లు కారుతుంటే, ప్రభువా ఈ ఒక్క తుమ్ము ఆపు అని నేను చేసిన ప్రార్థన లాంటిది మళ్లీ జన్మలో చెయ్యలేదు.

జేజి మింగింది. ద్రాక్షరసం ఒక గుక్క తాగింది. "ఎట్లుండాదే నీకు?" అంది.

"బాగుండా జేజీ."

"నెత్తి నొప్పి పెడతాండాదా?"

"లేదు జేజీ."

"ఊపిరి?"

"ఆడతాండాది."

ఇంకొంచెం సేపు చూసింది. వేళ్లతో నా మణికట్టు మీద నాడి తడిమింది. అక్కడ అది టకటకా కొట్టుకుంటూనే ఉంది. అప్పుడు జేజి పెద్దగా ఊపిరి వదిలి, చిన్న జేజి వైపు తిరిగింది.

"మిగిలిండే రొట్టె ఇట్లియ్యే" అంది. "ఆకలయితాండాది."

చిన్న జేజి తుంచి నోట్లో పెడుతుంటే, రొట్టె గట్టిగా ఉందని తిట్టుకుంటూనే అంతా తినింది. నా మణికట్టు మాత్రం వదలలేదు.